లారీ ఇంజను చల్లబారుట – కారణమును కనుగొను విధము

లారీ ఇంజను మితిమీరి కాగినచో ప్రమాదమని హోసూరు పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1980 నుండి ఈ యూర అశోక్ లేలాండు లారీలు తయారగుచున్నవి. మన విద్యార్థులలో పలువురి ఇండ్లకు లారీయే జీవనాధారము. కాని ఇంజను చల్లగా నుండుటయు నొక వ్యాధియే యన్నచో పెద్దలు సయితము నవ్వుదురు. “చల్లగా నున్న మంచిదే కదా” యందురు. అది నిజము కాదని చూపుటకే ఈ పాఠము.

డీజిలు ఇంజను చుట్టును తిరుగు నీరు పని వేళ సుమారు 80 మొదలు 95 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ నుండవలెను. ఈ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు కలుగు వేడిచేతనే డీజిలు అంటుకొనును. సిలిండరు గోడలు చల్లగా నున్నచో ఆ వేడిలో కొంత గోడలే హరించును. అప్పుడు డీజిలు పూర్తిగా కాలదు. కాలని భాగము కొంత తెల్లని పొగయై పోవును. కొంత గోడలమీది నూనెపొరను కడిగివేసి, పిస్టను రింగుల సందున జారి, అడుగునున్న ఇంజను ఆయిలులో కలియును. దహనమున పుట్టిన నీటియావిరి యును చల్లని గోడలకు చెమటవలె పట్టును. పూర్వము డీజిలులో గంధకము హెచ్చుగా నుండుటచే ఈ తేమ ఆమ్లమై లోహమును తినివేసెడిది. 2020 ఏప్రిలు నుండి మన దేశమున డీజిలులో గంధకము పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదను నియమము వచ్చినందున ఆ బాధ చాలవరకు తగ్గినది. ఆయిలు పలుచబడు బాధ మాత్రము తగ్గలేదు. పలుచబడిన ఆయిలుతో లైనర్లును బేరింగులును త్వరగా అరుగును. నేడు వృథాయగునది డీజిలు. రేపు ఇంజను దింపవలసివచ్చును. వాయిదాలు కట్టుకొను కుటుంబమునకు ఈ రెండవది తేలిక విషయము కాదు.

ఈ వేడిని కాపాడునది థెర్మోస్టాటు అను చిన్న కవాటము. సాధారణముగా ఇది ఇంజను నుండి రేడియేటరుకు నీరు పోవు దారిలో నుండును. దీని లోపలి చిన్న గిన్నెలో మైనము నింపబడి యుండును. మంచు కరగినపుడు కుదించుకొనునని మీరు చదివియున్నారు. మైనము అందుకు విరుద్ధము: కరగినపుడు వ్యాకోచించును. ఆ బలమే ఒక కడ్డీని నెట్టి కవాటమును తెరచును. చల్లారినపుడు స్ప్రింగు దానిని మూయును. మూసియున్నంతసేపు నీరు రేడియేటరుకు పోక, అడ్డదారి గొట్టముగుండ పంపునకు తిరిగివచ్చి, ఇంజనులోనే తిరుగుచు త్వరగా కాగును.

ఇక మీటరు ముల్లు క్రిందనే నిలిచినదనుకొనుడు. వెంటనే థెర్మోస్టాటు కొనుటకు అంగడికి పరుగిడరాదు. ముల్లు నిజము చెప్పుచున్నదా యని మొదట విచారింపవలెను. తీగ తెగినను, నీటి వేడిని తెలుపు సెన్సరు చెడినను, అనేక బండ్లలో మీటరు చల్లదనమునే చూపును. దూరమునుండియే వేడిని కొలుచు ఉష్ణమాపకమును ఇప్పుడు చాలమంది మెకానిక్కులు ఉంచుకొనుచున్నారు. దానిని థెర్మోస్టాటు గూటికి చూపినచో సంగతి తెలియును. అచ్చట 85 డిగ్రీలుండి ముల్లు క్రిందనే యున్నచో దోషము మీటరుది, తీగది, లేక సెన్సరుది, ఇంజనుది కాదు. పొడవైన దిగుడున ముల్లు కొంత వాలుట కూడ దోషము కాదు. అప్పుడు ఇంజనులో డీజిలు దాదాపు కాలుటయే లేదు గదా!

నిజముగనే చల్లగా నున్నచో ఒక తెల్లవారుజామున పరీక్ష చేయవలెను. రాత్రియంతయు నిలిచిన బండిని నడపి, రేడియేటరు పై గొట్టమును కనిపెట్టవలెను. ఫ్యానుకును బెల్టులకును చేయి దూరముగా నుండవలెను. ఇది పెద్దల సమక్షమున చేయవలసిన పని. ఇంజను కాగుచున్నను గొట్టము చాలసేపు చల్లగానే యుండి, పిదప తటాలున వేడెక్కినచో థెర్మోస్టాటు బాగున్నది. మొదటినుండియు ఇంజనుతోపాటు కొంచెము కొంచెముగా గొట్టమును వేడెక్కుచున్నచో కవాటము తెరచుకొనియే యున్నది, లేదా అచ్చట కవాటమే లేదు.

కొందఱు ఫ్యానును నిందింతురు. ఫ్యాను క్లచ్చి బిగిసికొని ఎల్లవేళల తిరుగుట కలదు. దానివలన డీజిలు వృథాయగును, రొదయు హెచ్చును. కాని ఫ్యాను గాలి ముఖ్యముగా రేడియేటరులోని నీటినే చల్లార్చును. కవాటము గట్టిగా మూసికొన్నచో ఆ నీరు ఇంజనులోనికి రాదు. కనుక మొదటి అనుమానము కవాటముమీదనే పడవలెను.

ఇంజను పూర్తిగా చల్లారినపిదపనే రేడియేటరు మూత తీయవలెను. వేడిగా నున్నపుడు తీసినచో మరుగునీరు ముఖమున చిమ్మును. థెర్మోస్టాటును వెలికితీసి వెలుతురునకు పట్టి చూడుడు. అంచువెంట వెలుతురు సందు కనబడినచో అది మూసికొనుట లేదు. సందు లేకున్నచో మన ప్రయోగశాలలోని పరికరములే చాలును. దానిని దారముతో కట్టి, బీకరు నీటిలో అడుగు తగులకుండ వ్రేలాడగట్టి, ప్రక్కన థర్మామీటరు నుంచి మెల్లగా కాచవలెను. పైన 82 అని ముద్రించియున్నచో ఇంచుమించు ఆ వేడివద్ద తెరచుకొన నారంభించి, మఱి పండ్రెండు పదమూడు డిగ్రీలకు పూర్తిగా తెరచుకొనవలెను. హోసూరు సముద్రమట్టమునకు ఎత్తున నున్నందున ఇచ్చట నీరు సుమారు 97 డిగ్రీలకే మరగును; మన ప్రయోగమునకు అంతమాత్రము చాలును. 60 డిగ్రీలకే తెరచుకొన్న థెర్మోస్టాటు పనికిరాదు.

మన ఎండలకు ఇది యక్కరలేదని థెర్మోస్టాటునే తీసిపారవేయు వారును కలరు. ఇది మిక్కిలి పొరపాటు. పలు లారీలలో థెర్మోస్టాటు పెద్దదారిని తెరచుచునే, రెండవ కొసనున్న బిళ్లతో అడ్డదారిని మూయును. దానిని తీసివేసినచో అడ్డదారి ఎల్లప్పుడు తెరచియే యుండి, వేడినీటిలో కొంత రేడియేటరును చూడకయే ఇంజనుకు మరలివచ్చును. అట్టి లారీ సేలముకు పోవుచు తొప్పూరు ఘాటు దిగునపుడు అతిగా చల్లబారును. తిరుగుప్రయాణమున బరువుతో అదే ఘాటు ఎక్కునపుడు అతిగా కాగును. ఏ వేడికి భయపడి తీసిరో ఆ వేడియే ఎక్కుడున ఎదురగును. ఇప్పటి లారీలలో మఱియొక చిక్కు కలదు: మసిని పట్టు వడపోత యున్న బండ్లలో ఇంజను తగినంత వేడెక్కనిచో ఆ మసిని కాల్చి శుభ్రపరచుకొను పని సాధారణముగా సాగదు.

క్రొత్తది బిగించునపుడు మైనపు గిన్నె ఇంజను వైపునకు, గాలి పోవు చిన్నరంధ్రము పై వైపునకు నుండవలెను. పాత గాస్కెటును మరల వాడరాదు. నీరు నింపి, గాలిబుడగలు పోవువరకు నడపి, మట్టము చూచి మరల నింపవలెను. పిదప ఆయిలు కడ్డీని తీసి వాసన చూడుడు. డీజిలు వాసన వచ్చినను, మట్టము పోసినదానికంటె పెరిగియున్నను, ఆ ఆయిలును గడువు రాకముందే మార్పించవలెను.