ఇంటి వాడుకకు చౌక విండోస్ టాబ్లెట్

తొమ్మిది అంగుళాలలోపు తెర గల పరికరాలకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2014లో విండోస్‌ను ఉచితం చేసింది. చౌక టాబ్లెట్లు విరివిగా రావడానికి అదొక కారణం. అటువంటి పాత టాబ్లెట్‌ను కొని మేము ఇంట వాడి చూచాము. ర్యామ్ 2 జీబీ, నిల్వ 32 జీబీ. నడిచేది విండోస్ 10.

ర్యామ్ పనిబల్ల వంటిది, నిల్వ బీరువా వంటిది. బల్ల చిన్నదైనందున నాలుగు పుటలు ఒకేసారి తెరిస్తే పరికరం మొరాయించేది. బీరువా సంగతి మరీ విచిత్రం. తయారీదారు వేయితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది; కనుక 32 అన్నది తెరపై 29 చిల్లరగా కనిపిస్తుంది. అందులో పెద్దవాటా విండోస్‌దే. నవీకరణ వచ్చిన ప్రతిసారీ మా ఫోటోలనే తొలగించవలసి వచ్చింది!

అయినా ఉత్తరాలు వ్రాయడానికి అది మాకెంతో నచ్చింది. విండోస్ 8తోనే ఉర్దూ నస్తాలీఖ్ అక్షరాలు వచ్చాయి. అమ్మీజాన్‌కు కుడినుండి ఎడమకు ఉర్దూలోను, పొరుగువారికి ఎడమనుండి కుడికి తెలుగులోను ఒకే పలకపై వ్రాసుకున్నాము.

కొనదలచిన విద్యార్థులు ఒకటి గమనించాలి. విండోస్ 10కు సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. అందువల్ల బ్యాంకు పనులకు మేము దానిని ముట్టడం లేదు.