తాపీతీరమున ప్రకృతి పాఠము

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులు ఇరువదినలుగురని చెప్పెను. భూమి, వాయువు, సముద్రము, తేనెటీగ, సాలెపురుగు మున్నగునవి వారిలో కలవు. ఈ ఘట్టమును మనము పిల్లలకు కథగా చెప్పుచున్నాము. అయితే అవధూత తేనెటీగను గూర్చి విని నేర్చుకొనలేదు, చూచి నేర్చుకొనెను. ఆ చూచుట పిల్లలకు అలవడవలెనన్న వారిని ఆరుబయటకు గొనిపోయి, చేతికొక నోటుపుస్తకము నీయవలెను.

సూరత్ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములను తలచుకొనుడు. వారిలో తెలంగాణము నుండి నేతపనికై వెళ్ళిన పద్మశాలీలు అనేకులు. వారి బిడ్డలకై అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. మరమగ్గముల మ్రోతలో, ఇరుకు గదులలో పెరుగు బిడ్డకు ఆకాశమును తీరికగా చూచుటయే అరుదు. కాని ఊరి నడుమనే తాపీనది కలదు. మన గోదావరీ కృష్ణలు తూర్పునకు పారగా ఈ నది పడమటికి పారును. మధ్యప్రదేశమున ముల్తాయి కడ పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు నడచి, సూరత్ దాటి సముద్రమున కలియును. 1995లో సింగన్‌పోర్ కడ కట్టిన అడ్డుకట్టకు దిగువన, పాతకోట ప్రాంతమున నిలిచి చూచినచో, దినమునకు రెండుమారులు నీరు ఎగువకు ఎక్కివచ్చును. అది సముద్రపు పోటు. ఖంభాత్ అఖాతపు పోట్లు మన దేశమున మిక్కిలి పెద్దవానిలో చేరినవి.

పెద్దల తోడున గట్టుమీదనే కూర్చుండవలెను, బురదలోనికి దిగనీయరాదు. పుటపై తేది, తిథి, సమయము వ్రాయించి, నడుమ నిలువుగా గీత గీయింపుడు. ఎడమప్రక్క ‘చూచినది’, కుడిప్రక్క ‘తలచినది’. ‘నీరు ఐదవ మెట్టును ముంచినది’ అన్నది ఎడమకు చెందును. ‘నదికి కోపము వచ్చినది’ అన్నది తప్పు కాదు, కుడికి చెందును. 2006 ఆగస్టు వరద నెరిగిన ఇండ్లలో ఆ మాట సహజమే. ఈ విభజన పెద్దలకే కష్టము. త్రాటిని పామనుకొన్నవాడు చేసినదేమి? తలచినదానిని చూచినదాని ప్రక్కన వ్రాసికొనెను, అంతియే. వేదాంతము చదువుటకు ముందే బిడ్డకు ఈ గీత పరిచయమగుట మేలు.

బొమ్మ వంకరగా వచ్చినను దిద్దకుడు. పక్షి పేరు తెలియనిచో ఖాళీ విడువనిండు; తెలుగు పేరు అవ్వ చెప్పును, గుజరాతీ పేరు పొరుగింటివారు చెప్పుదురు.

ఒక పక్షము దినములు వ్రాసినచో పుస్తకమే మాటలాడ నారంభించును. నేటి పోటుకంటె రేపటి పోటు ఇంచుమించు రెండు ఘడియలు, అనగా నలుబదియెనిమిది నిమిషములు, ఆలస్యము. చంద్రోదయమును సగటున అంతియే ఆలస్యము. పూర్ణిమా అమావాస్యల సమీపమున పోటు హెచ్చు, అష్టముల సమీపమున తగ్గు. పంచాంగమునకును నదికిని గల బాంధవ్యమును బిడ్డ తానే కనిపెట్టును. శరత్పూర్ణిమ మరునాడు సూరత్ వాసులు వెన్నెలలో కూర్చుండి ఘారీ అను మిఠాయి తిందురు. చందీ పడ్వో అని ఆ పండుగ పేరు. ఆనాటి పుటను విడువరాదు. తీపి అంటిన పుట మరపునకు రాదు.

ఇక నొక చిక్కు. సముద్రము పొంగదు, ఇంకదు. ముని అట్లుండవలెనని అవధూత నేర్చెను గదా. చురుకైన బిడ్డ తన పుస్తకము చూపి, ‘సముద్రం పొంగదంటివి గదా తాతా, మరి ఈ నీళ్ళెక్కడివి?’ అని అడుగును. అడుగవలెను కూడ. అప్పుడు గద్దించినచో ఆ బిడ్డ రెండింటిలో నొకదానిని విడుచును: గ్రంథమునైనను, తన కన్నులనైనను. ఏది విడిచినను నష్టమే. ప్రత్యక్షమునకు విరుద్ధముగా అగ్ని చల్లనిదని శ్రుతి చెప్పినను అది ప్రమాణము కాజాలదని శంకర భగవత్పాదులు గీతాభాష్యమున, పదునెనిమిదవ అధ్యాయమున, స్పష్టపరచిరి. కావున ఆ ప్రశ్నను తేదీతో పుటపై వ్రాయించి, భాగవతము తెరచి బిడ్డతో కలిసి చదువుడు. అవధూత చెప్పినది నదులను గూర్చి: వానకారున అవి వచ్చి కలిసినందున సముద్రము పొంగదు, వేసవిని రానందున ఇంకదు. చంద్రుని ఆకర్షణచే లేచు పోటు ప్రసక్తి అచ్చట లేదు. ఇన్నాళ్ళు విన్న శ్లోకమున ‘నదులచేత’ అను మాటను ఆ బిడ్డ మూలమున పెద్దలును మొదటిసారి గమనింతురు. పిదప మరునాటి పోటు ఎన్ని గంటలకో బిడ్డనే లెక్కకట్టుమనుడు.