జాగ్వార్ – హార్పీ గ్రద్ద: ఒక పరిశీలన

పెద్దపులికీ గ్రద్దకూ పోటీ పెడితే ఎవరిది పైచేయి అని మొన్న తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. జరుగుతున్నది తెలుగు పాఠం, అడిగింది వేళాకోళానికి. అయినను ఆ ప్రశ్నకు తగిన జోడి ఒకటి దక్షిణ అమెరికాలోని అమెజాన్ అరణ్యంలో ఉన్నది. నేలపై జాగ్వార్, చెట్ల కొమ్మలలో హార్పీ గ్రద్ద.

జాగ్వార్ చూపునకు మన చిరుతపులి వలెనే ఉంటుంది. అయితే దాని ఒంటిమీది నల్లని వలయాల నడుమ చుక్కలు కూడ ఉంటాయి. తల పెద్దది, దేహం బలిసినది. (చిరుతనూ చీతానూ తెలుగులో ఒకే పేరుతో పిలిచి మనం ఇదివరకే తికమక పడుతున్నాము. ఉర్దూ మిత్రులకు తేందువా వేరు, చీతా వేరు.) తక్కిన పెద్దపిల్లులు సాధారణంగా గొంతునో మెడనో పట్టి చంపుతాయి. జాగ్వార్ ఎర యొక్క కపాలాన్నే కోరలతో ఛేదించగలదు. నీటికి జంకదు, మొసలి జాతివైన కైమన్లను సైతం పట్టి తింటుంది.

హార్పీ జాతిలో ఆడదే పెద్దది. అది 6 నుండి 9 కిలోల వరకు తూగుతుంది; మగది 4, 5 కిలోలే. అంత దేహానికి రెక్కలు పొట్టివి. ఆకాశంలో చక్కర్లు కొట్టడానికి గాక, కొమ్మల సందులలో మలుపులు తిరగడానికి అవి అనువైనవి. వెనుకవ్రేలి గోరు ఎలుగుబంటి గోరుతో పోల్చదగినది.

ఈ రెంటి నడుమ స్లాత్ అనే మందగమన జంతువు చిక్కుకొన్నది. దాని రోమాలలో నాచు పెరుగుతుంది. ఆకుపచ్చగా, కదలక మెదలక వ్రేలాడడమే దాని రక్షణ. అయినను కొమ్మమీద ఉంటే హార్పీ కాళ్ళకు చిక్కవచ్చు. మూడు గోళ్ళ స్లాత్ వారానికొకసారి మల విసర్జనకై నేలకు దిగుతుంది. అక్కడ జాగ్వార్ భయం. పాపం, దానికి మూడవ చోటు లేదు!

సంతానం విషయంలో మాత్రం మృగానిదే మేలు. జాగ్వార్ సాధారణంగా ఈతకు రెండు పిల్లలను కంటుంది. హార్పీ రెండు గ్రుడ్లు పెట్టినను పెంచేది ఒక్క పిల్లనే. మొదటిది పొదగబడగానే రెండవ గ్రుడ్డును పట్టించుకోదు. ఆ పిల్ల ఏడాదికి పైగా తల్లిదండ్రులపైననే ఆధారపడుతుంది. కావున మరల గ్రుడ్లు పెట్టేది రెండు మూడేండ్లకొకసారి.

అడవి తరిగిన చోట జాగ్వార్ పశువుల మందలపై పడి తుపాకికి బలి అవుతున్నది. ఎల్ సాల్వడార్, ఉరుగ్వే దేశాలలో అది అంతరించింది. 1960 దశాబ్దంలో దాని చర్మానికై సాగిన వేట, 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికతో చాలవరకు తగ్గింది. హార్పీ చర్మాన్ని ఎవరూ కోరరు. దానికి కావలసింది తక్కిన అడవికంటె ఎత్తుగా ఎదిగిన చెట్టు. తరచుగా అది బూరుగ, మన పరుపులలో నింపే దూదినిచ్చే తెల్లబూరుగ జాతిదే. దానిని కలపకై కొట్టివేస్తే, పక్కనున్న మొక్క అంత ఎత్తుకు ఎదగడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది.