వైవిధ్యం అనే మాట

జయపురం

అమ్మడూ,

నీ వ్యాసం కోసం 'వైవిధ్యం' అనే మాట ఎలా పుట్టిందని అడిగావు. విధం అంటే తీరు. దానికి ముందు 'వి' చేరితే వివిధం, వేరువేరు తీరులది. ఆ గుణమే వైవిధ్యం. వికలం వైకల్యమైనట్టు, విషమం వైషమ్యమైనట్టు ఇక్కడా మొదటి ఇకారం ఐకారమైంది. మనం రోజూ అనే 'రకం' మాత్రం అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దానికి అంకె, గుర్తు అని అర్థం. వచ్చి మనదైపోయింది, నిక్షేపంగా వాడుకో.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఒకే వంగడం వెయ్యి బస్తాలు పండితే అది సమృద్ధి. వైవిధ్యం అనాలంటే దేని తీరు దానికుండాలి. 1955-59 మధ్య కటకం వరి పరిశోధన సంస్థ వాళ్లు మా జయపురం ప్రాంతమంతా గాలించి దాదాపు 1,750 దేశవాళీ వరి రకాలు సేకరించారు. అన్నెందుకంటావా? డొంగరు, అంటే కొండ మీద వేసేది వానలు వెనకబట్టేలోపే కోతకు రావాలి. కింద ఝోలాలో, అంటే లోయలోని పల్లపు మడిలో వేసేది నిలవనీటిని తట్టుకోవాలి, నెమ్మదిగా పండినా ఫరవాలేదు. చుట్టాలొచ్చిన రోజుకు ఘుమఘుమలాడే కళాజీరా ఉండాలి. జీలకర్రలా సన్నగా, నల్లగా ఉంటుంది గనక ఆ పేరు. మచ్ఛాకంటా అని ఇంకో రకం ఉంది, ఆ పేరుకు అర్థం చేపముల్లు. ఇక్కడి రైతులు గింజను ఎంత శ్రద్ధగా చూశారో ఈ పేర్లే చెబుతాయి. ఆ విత్తనాలను ఏటేటా ఏరి దాచింది ఎక్కువగా ఆడవాళ్లే. అలా దాచిన పాత్రపుట్ గ్రామవాసి కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. చదువుకున్నవాళ్లం మనం ఆమెను తలచుకుని చేతులు జోడించాలి. జయపురం ఉన్న మా కోరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది.

మీ రాయగడ వైపు భాషలూ అంతే. కువి మన తెలుగుకు దగ్గరి చుట్టం. గుణుపురం వైపు వినిపించే సవర ముండా కుటుంబానిది. ఒడియా మరో కుటుంబం. కోరాపుట్ గదబల సంగతి ఇంకా వింత: పేరొకటే అయినా కొందరి గుతోబ్ ముండా భాష, మరికొందరి ఒల్లారి ద్రావిడ భాష. పర్లాకిమిడిలో ఉంటూ మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, వాచకాలు రాసి, నిఘంటువులు కూర్చారు. పక్కింటి భాషను అంత గౌరవించిన తెలుగువారు నాకు మరొకరు కనబడరు.

నీ వ్యాసంలో "మా జిల్లాలో ఎంతో వైవిధ్యం ఉంది" అని రాసి ఊరుకోకు. ఈసారి సంతకెళ్లినప్పుడు చోళ్లు, కొర్రలు, సామలు అమ్మే అవ్వ పక్కన కూర్చో. ఏ గింజ ఏ వాలులో పండుతుందో అడుగు. ఆమె చెప్పిన పేర్లు ఆమె పలికినట్టే రాసి నాకు పంపు.

మీ తాతయ్య