రాజోలు ఏ శీతోష్ణస్థితి మండలములోనిది?

రాజోలులో ఎటు చూచినను కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు కనబడును. కాని శీతోష్ణస్థితి పటములో ఈ ప్రాంతము 'సవన్నా' మండలములో చేరియున్నది. సవన్నా యనగా అక్కడక్కడ చెట్లుగల గడ్డిబయలు. పటము తప్పా? కాదు. ఆ పేరు ఎట్లు వచ్చినదో తెలిసికొనిన మన సేద్యమునకు మేలు.

పటము గీయు విధము

కొప్పెన్ అను శాస్త్రజ్ఞుడు 1900లో ప్రకటించి, తరువాత సవరించిన పద్ధతి నేటికిని వాడుకలో ఉన్నది. అన్నిటికంటె చల్లని నెలలో కూడ సగటున 18 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని చోటు ఉష్ణమండలము. అందు ప్రతి నెలయు 60 మిల్లీమీటర్లకు తగ్గక వాన కురియుచోట దట్టమైన అడవి పెరుగును. మనకు వానలలో అధికభాగము జూన్ నుండి నవంబరులోపల కురిసి, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు దాదాపు పొడిగా గడచును. అందువలననే మనది సవన్నా అయినది.

1948లో అమెరికాలో థార్న్‌త్వెయిట్ మరియొక పద్ధతి చూపెను. వానను జమగాను, నేలనుండియు మొక్కలనుండియు ఆవిరియగు నీటిని ఖర్చుగాను లెక్కించుటయే ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన వి. పి. సుబ్రహ్మణ్యం 1956లో ఈ పద్ధతిననుసరించి భారతదేశపు శీతోష్ణస్థితులను విభజించిరి.

మనకు తెలియు సంగతులు

మొదటిది: మన పచ్చదనము వానది మాత్రమే కాదు, గోదావరిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట వచ్చిన కాలువ నీరు ఆ జమాఖర్చులోని లోటును పూడ్చుచున్నది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఆ లోటు బయటపడును. కావున అంతకు ముందే కొబ్బరి పాదులలో ఎండుటాకులు, డొక్కలు పరచి తేమను కాపాడవలెను.

రెండవది: పటము సగటులను చూపును, తుపానును చూపదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ తోటలను కూల్చినది. ఆ తేదీని మీ సార్వా లెక్కతో పోల్చుడు. 140 రోజుల వరికి జూన్ మొదటివారమున నారు పోసిన, అక్టోబరు నాలుగవ వారమునకు కోత వచ్చును. జూలై మొదటివారమున పోసిన, చేను నవంబరు మూడవ వారము దాటువరకు నిలిచియుండును. నెల ఆలస్యమైన, పంట తుపాను నోటికి చిక్కును. నీరు వదలు తేదీని, మురుగు కాలువ పూడిక తీయు పనిని గ్రామమంతయు కలిసి ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

మీ పొలమునకు మీ పటము

నిటారు గోడలు, సమమైన అడుగు గల డబ్బాను చెట్లకు దూరముగా బయట ఉంచుడు. ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు అందలి నీటి లోతును స్కేలుతో కొలిచి వ్రాసికొని, డబ్బాను వంచివేయుడు. ఒక మిల్లీమీటరు వాన యనగా ఎకరమునకు సుమారు 4,000 లీటర్ల నీరు. ఇట్లు అయిదారేండ్లు వ్రాసిన పుస్తకము, ఏ పటమును చెప్పలేని మీ చేని సంగతి మీకు చెప్పును.