రాస్ప్‌బెర్రీ పై మాటిమాటికీ ఆగిపోతోందా? ముందు కరెంటు సంగతి చూడండి

మాది చోడవరం దగ్గర పల్లె. మునుపు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. చెరకు తగ్గించి కొంత భూమిలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. జీవామృతం, ఆచ్ఛాదన గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి వాఫస కోసం పెట్టుకున్న ఒక చిన్న పరికరం గురించి చెబుతాను.

నేలలో గాలీ తేమా కలిసి ఉంటేనే వాఫస. తడి ఎంతుందో తెలుసుకుందామని రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డుకి తేమ సెన్సార్లు, వాల్వు తిప్పడానికి 4 రిలేలు, సిమ్ కార్డు డాంగుల్ తగిలించాను. అంకెలు ఫోనుకి వచ్చేవి. కొన్నాళ్ళకి బోర్డు దానంతటదే ఆగి, మళ్ళీ మొదలవడం పట్టుకుంది. సెన్సారు మార్చాను. మెమరీ కార్డు మూడుసార్లు మళ్ళీ తయారు చేశాను. చివరికి ఒకసారి బోర్డు రెండు రోజులు ఆగిపోయి, ఫోనులో పాత అంకె అలాగే నిలిచిపోయింది. తడి ఉందనుకుని నేను నారుమడి వైపు వెళ్ళలేదు. వంగ నారు సగం ఎండిపోయింది. అప్పుడు గాని అసలు జబ్బు వెతకలేదు.

నేను మొదట మా ఊరి లో వోల్టేజీని అనుమానించాను. కాని అడాప్టరు మీద 100-240 వోల్టులని రాసి ఉంటే, కాస్త లో వోల్టేజీని అది తట్టుకుంటుంది. తప్పు అడాప్టరుకీ బోర్డుకీ మధ్య ఉండే 5 వోల్టుల దారిలోనే ఉంది. పరీక్షలు ఈ వరసలో చేయండి.

1. ఎర్ర లైటు చూడండి. పై 3లో వోల్టేజీ సుమారు 4.63 కన్నా పడితే ఎర్ర లైటు ఆరిపోతుంది. మినుకు మినుకుమంటున్నా అదే గుర్తు. టీవీకి కలిపితే తెర మూలన మెరుపు బొమ్మ వస్తుంది.

2. బోర్డునే అడగండి. గెట్ థ్రాటిల్డ్ కమాండ్ ఎలా టైప్ చేయాలో వీడియోలో చూపించాను. జవాబు 0ఎక్స్0 అయితే బాగున్నట్టు. 0ఎక్స్50005 అయితే ఇప్పుడే వోల్టేజీ తక్కువగా ఉంది. 0ఎక్స్50000 అయితే ఇప్పుడు బాగానే ఉంది, కాని బోర్డు ఆన్ చేశాక ఎప్పుడో పడింది. రాత్రి పడిన సంగతి తెల్లారి ఇలా దొరుకుతుంది. రీస్టార్ట్ చేస్తే ఈ గుర్తు చెరిగిపోతుంది, అందుకే ముందు ఇది చూడండి.

3. మల్టీమీటరుతో కొలవండి. పని చేస్తున్న బోర్డు మీద 2వ పిన్నుకీ 6వ పిన్నుకీ మధ్య చూడాలి. మీటరు ముల్లు పక్క పిన్నుకి తగిలితే బోర్డు పోతుంది, జాగ్రత్త. నాకు అడాప్టరు దగ్గర 5.1, బోర్డు దగ్గర 4.5 వచ్చింది.

మధ్యలో 0.6 ఎక్కడ పోయింది? సన్నటి కేబులులో. డ్రిప్ లేటరల్ సన్నగా, పొడుగ్గా ఉంటే చివరి మొక్కకి నీళ్ళు అందవు కదా, ఇదీ అంతే. నా కేబులు 2 మీటర్లు, లోపల 28 గేజి తీగ. మీటరుకి సుమారు 0.21 ఓములు. వెళ్ళిరావడం 4 మీటర్లు, అంటే 0.85 ఓములు. 0.7 ఆంపియర్లు లాగితే 0.6 వోల్టులు పోతాయి. డాంగుల్ డేటా పంపేటప్పుడు, రిలేలు పడేటప్పుడు 1 ఆంపియరు లాగితే 0.85 పోయి 4.25 మాత్రమే మిగులుతుంది. అందుకే సరిగ్గా వాల్వు తిప్పే సమయానికే బోర్డు ఆగేది.

4. తగిలించినవి ఒక్కొక్కటీ తీసి చూడండి. డాంగుల్ తీస్తే బాగుంటే లోడు ఎక్కువైనట్టు.

నేను చేసిన మార్పులు ఇవి. 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టరు కొన్నాను (పై 4కి అయితే 3 ఆంపియర్లు). దాన్ని బోర్డు పక్కకే తెచ్చి, అర మీటరు లావు కేబులు వేశాను. దూరం తీసుకెళ్ళాల్సింది 230 వోల్టులే, 5 వోల్టులు కాదు. ఆ వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియను చేత, వాన తగలని పెట్టెలో చేయించండి. రిలేలకి, వాల్వులకి వేరే సప్లై ఇచ్చాను. సోలారు బ్యాటరీ వాడేవారు 12 వోల్టులను తగ్గించే మాడ్యూలుని బోర్డుకి కలపకముందే మీటరుతో 5.1కి సరిచేయండి. 5.25 దాటనివ్వకండి.

కార్డుకి రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడుతుంది. ఓవర్‌లే ఫైల్ సిస్టం ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు కార్డు మీద ఏదీ రాయదు, కాబట్టి అంకెలు వెంటనే బయటికి పంపాలి. చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మేలు.

ఇంకో మాట. ఇప్పుడు ఫోనుకి అంకెతో పాటు అది వచ్చిన టైము కూడా వచ్చేలా పెట్టాను. టైము పాతదైతే నేరుగా మడికే పోతాను. అంకె కొత్తదైనా సరే, రోజూ ఒకసారి గుప్పెడు మట్టి తీసి పిసికి చూస్తున్నాను. మీరూ అలాగే చేయండి. ఆ పరీక్షకి కరెంటు అక్కర్లేదు.