పంపే ముందు ఒక్క క్షణం



హజ్రత్ ఆయిషా (రజి.అన్హా)పై కపటులు అపనింద మోపినప్పుడు, ఆ మాట దాదాపు నెల రోజులు మదీనాలో నోటి నుండి నోటికి పాకింది. దాన్ని మోసినవారిలో కొందరు విశ్వాసులు కూడా ఉన్నారు. చివరికి అల్లాహ్ ఆమె పవిత్రతను నూర్ సూరాలో ప్రకటించాడు. తెలియని విషయాన్ని పలుకుతూ దాన్ని చిన్నదిగా భావించారనీ, అల్లాహ్ దృష్టిలో అది ఎంతో ఘోరమైనదనీ 15వ ఆయతులో హెచ్చరించాడు.

నేడు మనకు నోటితో పనిలేదు, వేలు చాలు. "నేను రాయలేదుగా, వచ్చింది పంపానంతే" అంటాం. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో ఐదుగురు అమాయకులను జనం కొట్టి చంపారు. అలాంటి పుకార్లు అప్పట్లో వాట్సాప్ ద్వారా ఊరూరా పాకాయి. ఆ నెలలోనే ఆ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. విశ్వాసికి హద్దు ఏనాడో ఉంది: వార్త వస్తే విచారించుకోమని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది.

ఇతరుల ఇంట అనుమతి లేకుండా అడుగుపెట్టవద్దని నూర్ సూరా 27వ ఆయతు చెబుతోంది. మరి మన ఇంటి తలుపును మనమే ఫోన్‌లో బార్లా తెరవడం ఏమిటి? ప్రొఫైల్ ఫోటో పరిచయస్తులకే కనిపించేలా పెట్టుకుందాం. రెండంచెల భద్రత పెట్టుకుందాం. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. "డిజిటల్ అరెస్టు" అన్నది మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయాలి.

ఫోటో మార్చి ఎవడైనా మన ఆడపిల్లను బెదిరిస్తే, ముందు ఆమెను తిట్టకండి. ఇంట్లోవారి కోపానికి ఆమె భయపడటమే వాడి ఆయుధం. వాడడిగిన డబ్బు ఇవ్వకుండా, ఆ సందేశాలను చెరపకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఇతరుల బిడ్డ గురించి అలాంటిది మన ఫోన్‌కు వస్తే, నూర్ సూరా 12వ ఆయతు నేర్పినట్లు మంచినే తలచి, అది మన దగ్గరే ఆగిపోయేలా చూద్దాం.

మన నాలుకకే కాదు, వేలికీ లెక్క ఉంది. ఆ లెక్క తేలికయ్యే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.